తాతగారి నోటుబుక్కులు పనికొస్తాయా? పనికొస్తాయి, ముందు ఊరి పేర్లు కాపాడండి

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. గుణుపురంలో ఎలిమెంటరీ స్కూలు మాష్టారిగా పనిచేసిన మీ తాతగారు, సెలవు దొరికితే చాలు సైకిలేసుకుని వంశధార పక్క ఊళ్లన్నీ తిరిగేవారు. గుళ్ల దగ్గరా గట్ల మీదా కనిపించిన శాసనాలు రాసుకునేవారు. ఆయన పోయి ఏడాదైంది. రెండు ట్రంకు పెట్టెల్లో పదకొండు నోటుబుక్కులు, విడి కాగితాలు, నల్ల సిరా అద్దిన పెద్ద కాగితపు చుట్టలు ఉన్నాయి. మీ నాన్నగారూ బాబాయిగారూ ఊళ్లో విగ్రహం పెట్టిద్దామంటున్నారు. మీరు ఒడియా మీడియంలో చదువుకున్నారు కాబట్టి ఆ గొలుసుకట్టు తెలుగు రాత మీకు అందడం లేదు. "ఆయనకు డిగ్రీ లేదు, పురావస్తు శాఖలో ఉద్యోగమూ కాదు. ఇవి నిజంగా ఎవరికైనా పనికొస్తాయా? ఆయన్ని ఎలా గుర్తుపెట్టుకోవాలి?" అని అడిగారు.

పనికొస్తాయి. ఇందులో నాకు సందేహం లేదు. విగ్రహం సంగతి పక్కన పెట్టి ముందు ఆ నోటుబుక్కులు చూడండి. మీ తాతగారు తేల్చిన చరిత్రలో తప్పులు ఉండొచ్చు. రాజుల వరసలు తారుమారై ఉండొచ్చు. కానీ ఏ రాయి ఏ ఊళ్లో, ఏ గుడి వెనక, ఏ సంవత్సరంలో చూశారో ఆయన రాసి పెట్టి ఉంటే ఆ ఒక్క వాక్యాన్ని ఇవాళ ఎంత పెద్ద ప్రొఫెసరైనా మళ్లీ రాయలేడు. ఆ చెట్టు పోయింది, గుడికి టైల్స్ వేసేశారు, రాయి ఏ కాలువ గట్టులోనో కలిసిపోయింది. ఇప్పుడు మిగిలిన సాక్ష్యం ఆయన రాతే.

నేను పర్లాకిమిడి దగ్గర హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైనవాణ్ని. పదహారేళ్లుగా ఇలాంటి పెట్టెలు తెరిచి, చదివి, జాబితాలు రాస్తున్నాను. ఇప్పటికి ఐదు ఇళ్లలో చేశాను. ఒకరు కాంపౌండరు, ఒకరు డ్రాయింగ్ మాష్టారు, ఒకరు సర్వే అమీను, ఇద్దరు మీ తాతగారిలాగే ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. ఐదుగురిలో ఒక్కరికీ చరిత్రలో డిగ్రీ లేదు. అందుకని ముందు ఆ డిగ్రీ దిగులు తీసేస్తాను.

బ్రాహ్మీ లిపి గుట్టు 1837లో విప్పిన జేమ్స్ ప్రిన్సెప్ ఉద్యోగం టంకశాలలో. మన గంజాం జిల్లాలో ఋషికుల్య పక్కన జౌగడ ఉంది కదా, అక్కడి అశోకుడి శాసనాలను 1850లో నకలు తీసిన వాల్టర్ ఇలియట్ కంపెనీ సర్కారులో పాలనాధికారి. బెజవాడలో యుద్ధమల్లుడి పద్య శాసనాన్ని చదివి అచ్చు వేయించిన జయంతి రామయ్య పంతులు గారు డిప్యూటీ కలెక్టరు. రెడ్డి రాజ్యాల చరిత్ర రాసిన మల్లంపల్లి సోమశేఖర శర్మగారు డిగ్రీ లేకుండానే అంత పనిచేశారు. వీళ్లందరికీ జీతం ఒక పనికి, ప్రాణం ఇంకో పని మీద.

ఇక మన ఊళ్లకి దగ్గరివాడు గిడుగు రామమూర్తి పంతులుగారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా చేస్తారు. వ్యవహార భాష గురించి ఉపన్యాసాలు వింటాం. శాసనాల గిడుగు గురించి మాట్లాడేవాళ్లు మాత్రం నాకు చాలా తక్కువగా కనిపించారు. అది నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. 1863లో పర్వతాలపేటలో పుట్టిన ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. ముఖలింగం గుళ్లో గోడల నిండా ఉన్న శాసనాలు చూసి, ఇవి చదివేవాడు ఎవరూ లేకపోతే ఎలా అని, పాత లిపుల పుస్తకాలు తెప్పించుకుని సొంతంగా నేర్చుకున్నారు. చెప్పడానికి గురువు లేడు. కళింగను ఏలిన గాంగ రాజుల కాలపు లిపి ఎలా ఉంటుందంటే, కొన్ని రాగి రేకుల మీద నాగరి అక్షరం పక్కనే దక్షిణాది అక్షరం కలగలిసి ఉంటుంది. అలాంటిది చదవడం మొదలుపెట్టి, గాంగ రాజు వజ్రహస్తుడి నడగాం తామ్ర శాసనాన్ని, శాసనాలు అచ్చువేసే 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగో సంపుటంలో పరిష్కరించి ఇచ్చారు. అది శక సంవత్సరం 979 నాటిది, అంటే క్రీ.శ. 1057 ప్రాంతం. కళింగ గాంగుల రాజధాని కళింగనగరం ముఖలింగమేనని వాదించిన తొలివారిలో ఆయన ఒకరు.

1919లో సాలిహుండం బౌద్ధ స్థలాన్ని గుర్తించింది కూడా ఆయనే. వంశధార దక్షిణపు ఒడ్డున, కళింగపట్నానికి ఎగువన ఉన్న కొండ అది. ఆ తర్వాతే పురావస్తు శాఖవాళ్లు అక్కడ తవ్వారు, స్తూపాలు బయటపడ్డాయి. ఇవాళ అక్కడికి పిక్నిక్‌కి వెళ్లే పిల్లలకి ఈ కొండ మీద మొదట కన్నేసింది పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన ఒక మాష్టారని చెప్పేవాళ్లు ఉండాలి కదా. సవర గిరిజనుల భాష కోసం ఏజెన్సీ కొండల్లో తిరిగి జ్వరాల పాలై, క్వినైన్ మందు వాడి వాడి ఆయన చెవులు దెబ్బతిన్నాయి. వినికిడి పోయిన మనిషి రాతిని చదివాడు, మాటను కూడా వదల్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లినప్పుడు ఆయన ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. మన సరిహద్దు కథ అంతా అందులోనే ఉంది.

సత్యనారాయణ రాజగురు గారిది కూడా పర్లాకిమిడే. ఆయన ఒడిశా శాసనాల సంపుటాలు సిద్ధం చేశారు. ఒకే ఊరి నుంచి, రెండు భాషల నుంచి, ఇద్దరు. మీ తాతగారు ఆ దారిలో నడిచిన మనిషి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. స్థానిక చరిత్రకి ఔత్సాహికుడు ఇచ్చే అతి పెద్ద సొత్తు 'ఎక్కడ' అన్న మాట. దీని విలువ నాకు ఒక నష్టం వల్ల తెలిసింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక వేసవి సెలవుల్లో రెండు దిబ్బల మీద కుండపెంకులు ఏరాను. ఒక దిబ్బ మీద నున్నటి నల్లటి పెంకులు, ఇంకో దిబ్బ మీద ఎర్రటివి, అంచులు మందంగా ఉన్నవి. రెండూ ఒకే గోనెసంచిలో వేసి సైకిలు వెనక కట్టి తెచ్చాను. ఇంట్లో గచ్చు మీద పోసేసరికి ఏది ఏ దిబ్బదో తెలియలేదు. రంగును బట్టి గుర్తుపడతాననుకున్నాను. కానీ రెండు దిబ్బల మీదా రెండు రకాలూ కొన్ని ఉన్నాయని అప్పుడు గుర్తొచ్చింది. ఆ సంచిలో ఉన్నవి ఆ రోజు నుంచి పెంకులే, సాక్ష్యం కాదు. తర్వాత నాలుగేళ్లకి వెళ్తే ఒక దిబ్బని ఇటుకబట్టీకి తవ్వుకుపోయారు. ఆ తప్పు సరిదిద్దడానికి నాకు ఇంక అవకాశం రాలేదు. అప్పట్నుంచి నేలమీది వస్తువు ముట్టుకోను. ఫోటో తీస్తాను, రాసుకుంటాను, వదిలేస్తాను.

ఇదే విషయం పెద్ద స్థాయిలో చూడాలంటే కరీంనగర్ వైపు కోటిలింగాల ఉంది. గోదావరి ఒడ్డున స్థానికులు ఏరి దాచిన నాణేలు 1970ల చివర పరబ్రహ్మశాస్త్రి గారి వంటి పండితుల దృష్టికి వచ్చాయి. గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు, ఛిముక శాతవాహనుడి పేరు వాటి మీద కనిపించాయి. అవే నాణేలు ఏదో బజారులో, ఎక్కడివో తెలియకుండా అమ్ముడై ఉంటే అవి నాలుగు సీసం, రాగి బిళ్లలు. ఈ ఊరి నేలలోంచి వచ్చాయని తెలిసింది కాబట్టే తొలి శాతవాహనుల గురించి చర్చ తెలంగాణ వైపు తిరిగింది.

కాబట్టి నోటుబుక్కులు తెరిచినప్పుడు మీరు ముందు వెతకాల్సింది ఊరి పేర్లు. మన జిల్లాల్లో ఇక్కడే చిక్కు. మీ గుణుపురాన్నే తీసుకోండి. 1936కి ముందు మద్రాసు ప్రెసిడెన్సీలో విశాఖపట్నం జిల్లా ఏజెన్సీ. తర్వాత కోరాపుట్ జిల్లా. 1992 నుంచి రాయగడ జిల్లా. పర్లాకిమిడి పాత గంజాంలో ఉండి అదే 1992లో గజపతి జిల్లా అయింది. ఒకే ఊరిని పాత రిపోర్టులో ఒక జిల్లా కింద, మీ తాతగారి నోటుబుక్కులో ఇంకో జిల్లా కింద, ఇవాళ్టి మ్యాపులో మరో జిల్లా కింద వెతకాలి. దాని మీద పేర్ల తేడా ఒకటి. మనం బరంపురం అంటే బోర్డు మీద బ్రహ్మపుర. మనం జయపురం అంటే రైలు టికెట్టు మీద జైపూర్. చిన్న ఊళ్లకైతే తెలుగువాళ్లు పిలిచే పేరొకటి, ఒడియావాళ్లది ఒకటి, సవరలది ఇంకొకటి. డ్రాయింగ్ మాష్టారి నోటుబుక్కులో "జోడుతాళ్ల గట్టు" అని పదకొండు చోట్ల ఉంది. ఆ పేరు ఏ మ్యాపులోనూ లేదు. రెండు తాటిచెట్లూ ఎప్పుడో పడిపోయాయి. చివరికి అక్కడ మేకలు కాసిన ఒక ముసలాయన చెబితే దొరికింది. గట్టు మీదికి తీసుకెళ్లి, "ఇక్కడ ఒక తాడు, అక్కడ ఒక తాడు" అని కర్రతో రెండు గుంటలు చూపించాడు. ఫోనులో లొకేషన్ తీసి నోటుబుక్కు పేజీ నంబరు పక్కన రాశాను. ఆయన తర్వాత ఎక్కువకాలం బతకలేదు.

అందుకే మీకు నా మొదటి సలహా కాగితాల గురించి కాదు, మీ మామ్మగారి గురించి. ఆమె ఉన్నారని రాశారు. రోజూ సాయంత్రం ఒక అరగంట ఆమె చేత ఆ నోటుబుక్కు చదివించి ఫోనులో రికార్డు చేయండి. మీకు అందని గొలుసుకట్టు రాత ఆవిడకి అలవాటైన రాత. చదువుతూ చదువుతూ, "ఓహో, ఇది మీ నాన్నకి ఆటలమ్మ పోసిన సంవత్సరం, అన్నం మూట కట్టిచ్చాను, రెండు రోజులకు గానీ రాలేదు" లాంటి మాట ఒకటి వస్తుంది. తేదీ వేయని పేజీకి తేదీ అలాగే దొరుకుతుంది. కాంపౌండరుగారి ఇంట్లో నేను వెళ్లేసరికి ఆలస్యమైంది, ఆయన భార్యకి అప్పటికే మతిమరుపు వచ్చేసింది. ఆయన "గోపాలం ఇంటి వెనక" అని రాసుకున్న మూడు శాసనాల జాడ ఈరోజుకీ తెలియదు. ఏ గోపాలం, ఏ ఊరి గోపాలం?

ఇంక పెట్టెల సంగతి. పెట్టె తెరిచిన రోజే సర్దకండి. ఏ కాగితం ఏ నోటుబుక్కులో పెట్టి ఉందో అది అలాగే ఉండాలి. చీటీ అక్కడ పెట్టడానికి ఆయనకి కారణం ఉంటుంది. మెత్తటి పెన్సిలుతో మూలన పేజీ నంబర్లు వేసుకోండి, పెన్ను వద్దు. కిటికీ వెలుతురులో, ఎండ నేరుగా పడకుండా, ఒక్కో పేజీ ఫోనుతో ఫోటో తీయండి. స్కేలు ఒకటి పక్కన పెడితే కొలత తెలుస్తుంది. ఫోటోలు కనీసం రెండు చోట్ల దాచండి. చెదలు పట్టిన భాగం ఉంటే విడదీయడానికి లాగకండి, విడిగా పొడి కవరులో పెట్టండి. లామినేషన్ చేయించొద్దు. కలరా ఉండలు కాగితానికి తగిలేలా వేయొద్దు. పెట్టెని నేల మీద కాకుండా బల్ల మీద, గోడకు జానెడు దూరంలో ఉంచండి. మన వానాకాలానికి అది చాలా ముఖ్యం.

ఆ నల్ల సిరా కాగితపు చుట్టల్ని జాగ్రత్తగా చూడండి. అవి ఎస్టాంపేజీలు అయి ఉంటాయి. రాతిని కడిగి, తడి కాగితం పరిచి, గట్టి కుచ్చు బ్రష్షుతో అక్షరాల గుంటల్లోకి దిగేలా కొట్టి, కాస్త ఆరాక సిరా అద్దుతారు. గుంటలో ఉన్న అక్షరం తెల్లగా, మిగతాదంతా నల్లగా వస్తుంది. రాయి ఇవాళ అరిగిపోయి ఉంటే, యాభై ఏళ్ల కిందటి ఎస్టాంపేజీలో ఇప్పుడు కనిపించని అక్షరాలు కనిపిస్తాయి. చుట్ట బిగుసుకుపోయి ఉంటే బలవంతంగా విప్పకండి, పగులుతుంది. ఇస్త్రీ అసలే వద్దు. తెలిసినవాళ్లు వచ్చేవరకు అలాగే ఉంచండి.

పెట్టెలో రాగి రేకులు గానీ, నాణేలు గానీ, చిన్న విగ్రహాలు గానీ ఉంటే చింతపండు ముట్టించకండి. రాగి చెంబు తోమినట్టు తామ్ర శాసనాన్ని తోమి తళతళలాడించి నాకు ఎంతో ప్రేమగా చూపించిన ఇల్లు ఒకటి ఉంది. పైపొరతో పాటు సన్నటి గీతలు పోయాయి. రేకుల్ని కలిపే కడియం, దాని మీద రాజముద్ర ఉంటే కోయకండి. ముద్రే ఏ వంశమో చెబుతుంది. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1878 నాటి నిధి చట్టం ప్రకారం భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలియజేయాలి. పురావస్తువుల క్రయవిక్రయాలకూ రిజిస్ట్రేషనుకీ 1972 చట్టం ఉంది. వందేళ్లు దాటిన శిల్పాలూ నాణేలూ దాని పరిధిలోకి వస్తాయి. ఆ రోజుల్లో ఊరివాళ్లు "మాష్టారూ, మీరైతే దాస్తారు" అని చేతిలో పెట్టి ఉంటారు. మీ తాతగారు దోషి అని దీనర్థం కాదు. కానీ ఇప్పుడు మీ చేతికి వచ్చింది కాబట్టి రాతపూర్వకంగా జిల్లా యంత్రాంగానికి తెలియజేసి, రసీదు తీసుకుని అప్పగించడం మీకూ ఆయన పేరుకీ మంచిది. ఎక్కడ దొరికిందో ఆయన రాసిన పేజీ కాపీని వస్తువుతో జత చేయండి. ఆ కాగితం లేకపోతే మ్యూజియంలో అది "ఊరు తెలియదు" అనే చీటీతో కూర్చుంటుంది.

రసీదు మాట ఊరికే అనడం లేదు. సర్వే అమీనుగారి కొడుకులు భక్తితో అసలు నోటుబుక్కులన్నీ ఒక కార్యాలయానికి ఇచ్చేశారు. కాపీ ఉంచుకోలేదు, రసీదు అడగలేదు. అధికారి మారారు, గది మారింది. రెండేళ్ల తర్వాత అడిగితే అలాంటివి రాలేదన్నారు. నా దగ్గర అంతకుముందు రాసుకున్న ముప్ఫై పేజీల నోట్సు మాత్రం మిగిలింది. ముందు ఫోటోలు, తర్వాత రసీదు, ఆ తర్వాతే అసలు ప్రతి. ఈ వరస తప్పకండి.

చదవడం మొదలయ్యాక, ఆయన రాసుకున్న శాసనాల్ని అచ్చైనవాటితో పోల్చి చూడాలి. ముఖలింగం శాసనాలు 'దక్షిణ భారత శాసనాలు' అయిదో సంపుటంలో ఉన్నాయి. జయంతి రామయ్య పంతులుగారు కూర్చిన తెలుగు శాసనాలు పదో సంపుటంగా 1948లో వచ్చాయి. మైసూరులో ఉన్న కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం వార్షిక నివేదికల్లో ఏ ఊళ్లో ఏ శాసనం నకలు తీశారో జాబితాలుంటాయి. మీ ప్రాంతం కోసం విశాఖపట్నం, గంజాం, కోరాపుట్ మూడు శీర్షికల కిందా చూడండి. చాలా శాసనాలు అప్పటికే నమోదై ఉంటాయి. దానికి మనసు చిన్నబుచ్చుకోకండి. నమోదైన శాసనంలో "ఇక్కడ అక్షరాలు పోయినవి" అని ఉన్న చోట మీ తాతగారు రెండు అక్షరాలు ఎక్కువ చూసి ఉండొచ్చు. ఎక్కడా నమోదు కానివి రెండో మూడో దొరికితే అది పండగే. నమోదై, రాయి పోయి, నకలు కూడా సరిగా లేనివి ఉంటాయి. అలాంటి దానికి ఆయన ప్రతి దొరికిందంటే ఆ ఒక్కదానికే ఈ శ్రమంతా చెల్లిపోతుంది. డ్రాయింగ్ మాష్టారి పుస్తకంలో అలాంటిదొకటి దొరికింది. పెన్సిలుతో అక్షరానికి అక్షరం, పగులు ఎక్కడుందో ఆ పగులుతో సహా గీశారు. ఆయనకి ఆ లిపి రాదు. అక్షరం తెలియకపోవడం వల్లే ఊహించి పూరించకుండా, కంటికి కనిపించింది కనిపించినట్టు గీశారు.

తప్పులు కూడా ఉంటాయి, వాటిని దాచకండి. మన వైపు ఎక్కువగా జరిగే తప్పు సంవత్సరాల లెక్క. శక సంవత్సరానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. కానీ తొలి గాంగుల రేకుల్లో ఉండేది వాళ్ల సొంత గాంగ శకం, అది క్రీ.శ. 5వ శతాబ్దం చివర మొదలవుతుంది. దాన్ని శక సంవత్సరం అనుకుంటే నాలుగు వందల ఏళ్లకు పైగా తేడా వచ్చేస్తుంది. ఊరి పేరు పట్టుకుని పురాణానికి ముడిపెట్టడం ఇంకోటి. జౌగడని లక్కకోట అంటారు కాబట్టి పాండవుల లక్కయిల్లు ఇదే అని రాసుకున్నవాళ్లున్నారు. అక్కడున్నది అశోకుడి శాసనం. ఆయన వాక్యం దిద్దకుండా అలాగే ఉంచి, కింద వేరే రంగులో మీ సవరణ రాయండి. ఒక కుటుంబం తాతగారి పరువు అంటూ తప్పున్న పేజీలు తీసేసి స్మారక సంచిక వేసింది. ఆ పేజీల్లోనే మూడు కొత్త ఊళ్ల పేర్లున్నాయి. అవి అచ్చు కాలేదు.

పోయినవాళ్ల కాగితాల్ని ఎలా చూడాలో నాకు నచ్చిన ఉదాహరణ మహారాష్ట్ర వైపుది. నాగపూర్‌లో మిషనరీగా ఉన్న స్టీఫెన్ హిస్లాప్ బడి నడుపుతూ రాళ్లు, శిలాజాలు, రాతి వలయాలు వెతుక్కుంటూ తిరిగేవాడు. 1863 సెప్టెంబరులో టాకల్‌ఘాట్ దగ్గర రాతి వలయాలు చూసి వస్తూ వాగులో కొట్టుకుపోయాడు. ఆయన అచ్చు వేయకుండా వదిలిన గిరిజన జాతుల నోట్సుని రిచర్డ్ టెంపుల్ 1866లో పరిష్కరించి ప్రచురించాడు. గోండుల లింగో గాథ అందులో ఉంది. మనిషి పోయిన మూడేళ్లలో పుస్తకం బయటికొచ్చింది. మీ తాతగారికి అంత హోదా ఉన్న స్నేహితుడు లేకపోవచ్చు, ఫోనూ ఇంటర్నెట్ ఆర్కైవూ ఉన్న మనవరాలు ఉంది. పేజీల ఫోటోలు అక్కడ పెడితే భువనేశ్వర్‌లో ఉన్నవాళ్లూ విశాఖలో ఉన్నవాళ్లూ చూడగలరు.

ఇది మన సరిహద్దువాళ్లకి మరీ అవసరం. ఒడిశాలో ఉన్న తెలుగు శాసనాన్ని ఒడియా పండితులు పట్టించుకోరు, ఆంధ్రలో ఉన్న ఒడియా శాసనాన్ని తెలుగువాళ్లు పట్టించుకోరు. శాసనాలకి ఈ గీత తెలియదు. సింహాచలంలో, శ్రీకూర్మంలో ఒడియా శాసనాలున్నాయి. గజపతి జిల్లా మహేంద్రగిరి మీద రాజేంద్ర చోళుడి విజయ శాసనం సంస్కృతంలోనూ తమిళంలోనూ ఉంది. అందుకని మీరు తయారుచేసే జాబితా తెలుగు, ఒడియా రెండిట్లో ఉండాలి. ఆ పని మీరే చేయగలరు. మామ్మగారు తెలుగులో చదువుతుంటే మీరు ఒడియాలో రాసుకోండి. మీకు లోటుగా కనిపించిన ఒడియా మీడియం ఇక్కడ అక్కరకొస్తుంది.

ఇక ఆయన్ని గుర్తుపెట్టుకోవడం గురించి. విగ్రహం వద్దని మీ నాన్నగారితో పోట్లాడకండి, వాళ్ల ప్రేమ వాళ్లది. కానీ అదే డబ్బులో కొంత తీసి, ఆయన చూసిన శాసనాల్లో ఇప్పటికీ నిలిచి ఉన్నవి ఏవో ఒక నాలుగు ఊళ్లలో, రాయికి తగలకుండా కాస్త దూరంగా, పంచాయతీ అనుమతితో చిన్న బోర్డు పెట్టించమని అడగండి. శాసనం ఏ కాలంది, ఏం చెబుతోంది, ఫలానా మాష్టారు ఫలానా సంవత్సరం దీన్ని రాసుకున్నారు అని రెండు భాషల్లో నాలుగు వరసలు. అది రక్షిత కట్టడమైతే వంద మీటర్ల లోపల ఏం కట్టాలన్నా నిషేధం ఉంటుంది, ముందు కనుక్కోండి. బోర్డులో ఇంకో పేరు కూడా ఉండాలని నా కోరిక. నోటుబుక్కుల్లో "ఫలానా రైతు చూపించాడు", "సవర కుర్రాడు దారి చూపాడు" అని ఎక్కడో ఒకచోట రాసే ఉంటారు. గిడుగు వారికి సవర భాష నేర్పింది సవరలే. రాయిని మాష్టారికి చూపించినవాళ్ల పేర్లు కూడా, వాళ్ల ఇంట్లోవాళ్లు సరేనంటే, పక్కన చేర్చండి.

ఆయన చదువు చెప్పిన బడిలో వర్ధంతికి పూలదండతో సరిపెట్టకుండా, పిల్లల్ని ఏడాదికి ఒకసారి ఆ రాళ్ల దగ్గరికి నడిపించండి. మా దగ్గర ఒక బడిలో ఐదేళ్లుగా చేస్తున్నాం. పోయినేడు సాయంత్రపు ఏటవాలు ఎండలో ఏడో తరగతి పిల్ల ఒకతి అక్షరం మీద వేలు పెట్టబోయి ఆగి, తన నీడ పక్కకి జరిపి, "మాష్టారూ, ఇప్పుడు కనబడుతోంది" అంది. ఏటవాలు వెలుతురులోనే అరిగిన అక్షరం లేస్తుందని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు.

మీరు ఇప్పుడు చేయాల్సింది కొంచెమే. మొదటి నోటుబుక్కులో మొదటి పది పేజీలు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. రాత నేను చదివి పెడతాను, ఏ పేజీ ఏ శాసనమో తెలిసినంతవరకు చెబుతాను. ఈలోగా మామ్మగారిని ఒక్క మాట అడిగి ఉంచండి: వంశధార దాటి వెళ్లిన రోజుల్లో ఆయన సైకిలు ఏ రేవు దగ్గర, ఎవరింట్లో పెట్టేవారు?